పాత డిస్కులు, క్రొత్త యంత్రములు: బ్రాడీపేట చరిత్రలో ఒక ప్రకరణము

గుంటూరు నగరమున బ్రాడీపేట, అరండల్‌పేటలు ఇరుగుపొరుగు పేటలు. రెండును ఆంగ్లేయాధికారుల పేర్లు ధరించినవే. రెండును పాతగుంటూరు సందుల వంకరలను విడిచి, నిలువు అడ్డములుగా గీచిన తిన్నని వీథులతో వెలసినవే. నిలువు వీథిని లైను అనియు, దానిని ఖండించు వీథిని అడ్డరోడ్డు అనియు ఇక్కడి వాడుక. నాలుగవ లైనును పదునాలుగవ అడ్డరోడ్డును కలిసిన తావును బ్రాడీపేట 4/14 అని రెండంకెలతో చెప్పినచో, తపాలా బంట్రోతు మరి ప్రశ్నింపక ఆ గుమ్మము చేరును. అయస్కాంతపు పూతగల డిస్కుపై అక్షరములకు చోటు చూపు పద్ధతియు సరిగా ఇట్టిదే: వలయమున కొక సంఖ్య, ఆ వలయమును ఖండించిన భాగమున కొక సంఖ్య, ఈ సంఖ్యలను పట్టుకొని పోగల యంత్రమునకు మాత్రమే లోని అక్షరము దొరకును. అట్టి యంత్రము కరవైననాడు, డిస్కు చెక్కుచెదరకయున్నను, అందలి లిఖితము లేనట్లే యగును.

శంకర్ విలాస్ కూడలి మొదలుకొని లోపలి లైనుల వరకును ఈ పేట చదువులకును, పుస్తకములకును, కాగితపు వ్యవహారములకును చిరకాలముగా నెలవై యున్నది. టైపురైటింగు, షార్ట్‌హ్యాండు నేర్పు సంస్థలు, పాఠ్యపుస్తకముల అంగళ్లు, అర్జీలు టైపు చేసి యిచ్చు గదులు ఒక తరమున ఇట్టి పేటలకు జీవగఱ్ఱగా నుండెను. తరువాతి తరమున ఆ గదులలోనే టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చినది. అర్జీలు టైపు చేసిన చేతులే కంప్యూటరుపై అచ్చుకూర్పు చేయు డి.టి.పి. విద్యను నేర్చినవి, కంప్యూటరులు పెరిగినకొలది వానిని బాగుచేయువారి బల్లలును పెరిగినవి. ఆ బల్లలపై జరుగు పనులలో, కాలము చెల్లిన డిస్కులను నేటి కంప్యూటరునకు కలిపి అందలి లిఖితమును వెలికిదీయుట యొకటి. లోకము దీనిని మరమ్మతుగానే యెంచినది. చరిత్రలో దీని స్థానము అంతకంటె పెద్దదని నా నమ్మకము. ఏ తరము వ్రాతయైనను తరువాతి తరమునకు చేరవలెనన్న మూలవస్తువును పెట్టెలో దాచియుంచుట చాలదు. పాతదానిని చదువగలిగి, క్రొత్తదానిపై వ్రాయగలిగిన మధ్యవర్తి యొకడు సకాలమున నిలువవలెను. బ్రాడీపేట పనివారు మన కాలమునకు అట్టి మధ్యవర్తులు.

ఈ మండలమునకు మధ్యవర్తుల సేవ క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్ది తుదిని అమరావతి స్తూపావశేషములను చూచిన కాలిన్ మెకంజీ, తెలుగుసీమ చరిత్రను గ్రామగ్రామమున వెదకింప బూనినపుడు, ఆయన కొలువున నిలిచిన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులును, వారి సహాయులును కరణముల కవిలెలను చూచి, శాసనములకు ప్రతులెత్తి, గ్రామవృత్తాంతములను కైఫీయతులుగా వ్రాయించిరి. 1821లో మెకంజీ గతించెను. ఆయన సేకరించిన కాగితములు చెన్నపట్టణమున పురుగులకును తేమకును లోనై శిథిలమగుచుండగా, నందననామ సంవత్సరపు కరవు దినములలో గుంటూరున ఉద్యోగించి ఇక్కడి ప్రజల బాధను కన్నులార చూచిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, వానిని తెప్పించుకొని, తెలుగు పండితులచేతను లేఖకులచేతను మరల వ్రాయించెను. లోకల్ రికార్డ్స్ అను పేర ప్రసిద్ధములైన సంపుటము లివియే. నేడు గుంటూరు మండలపు పెక్కు గ్రామముల పూర్వకథ మనకు చదువ దొరకుచున్నదన్న, అది మూలమును దాచినవారి ఋణము కొంత, ప్రతి యెత్తినవారి ఋణము మరింత.

తాళపత్రయుగమునను ధర్మ మిదియే. ఉక్కయు తేమయు కలిసిన మన తీరదేశపు గాలిలో తాటాకు గ్రంథము బహుకాలము నిలువదు గావున, ఆకు చెడకమునుపే ప్రతి వ్రాయించుట గృహస్థునకు పుణ్యకార్యముగా నుండెను. మన ప్రాచీన కావ్యములు కవి స్వహస్తమున గంటము పట్టి వ్రాసిన ఆకులపై గాక, ప్రతికి ప్రతిగా పుట్టిన ఆకులపైననే మనవఱకు వచ్చినవి. అయినను తాటాకునకును డిస్కునకును ఒక పెద్ద భేదము కలదు. తాటాకును చదువుటకు లిపి తెలిసిన కన్ను చాలును. డిస్కును చదువుటకు దానితోబాటు పుట్టిన యంత్రము కావలెను. తాటాకు నశించినపుడు వ్రాత నశించును. డిస్కు విషయమున వ్రాత నిలిచి యుండగనే దానిని చదువు యంత్రము ముందుగా నశించును. అందుచేత ప్రతి యెత్తుటకు డిస్కు మనకిచ్చు గడువు తాటాకు ఇచ్చిన గడువుకంటె ఎంతయో కుఱుచ.

ఆ కుఱుచతనమును డిస్కుల చరిత్రయే చాటును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన రామాక్ యంత్రమున 24 అంగుళముల అడ్డుకొలతగల పళ్లెములు 50 ఉండి, అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను మోయుచుండెను. 1971లో ఆ సంస్థయే 8 అంగుళముల ఫ్లాపీని తెచ్చినది. 1976లో షుగార్ట్ అసోసియేట్స్ వారు 5¼ అంగుళముల ఫ్లాపీని, 1981లో సోనీవారు 3½ అంగుళముల ఫ్లాపీని వెలువరించిరి; 1987లో ఈ కడపటిది 1.44 మెగాబైట్లు మోయునదై, పిదప లోకమంతట స్థిరపడినది. హార్డ్ డిస్కుల వంశమున, తరువాత సీగేట్ అను పేర ప్రసిద్ధమైన సంస్థ 1980లో 5 మెగాబైట్ల ఎస్.టి.-506ను నిర్మించెను; 1983లో ఐ.బి.ఎం. పి.సి. ఎక్స్‌టి తన పెట్టెలోనే 10 మెగాబైట్ల హార్డ్ డిస్కును ఇముడ్చుకొని వచ్చెను. 1998లో ఆపిల్ వారి ఐమాక్ ఫ్లాపీ ద్వారము లేకయే వెలువడినది; 2011లో సోనీ సంస్థ స్వదేశమున ఫ్లాపీల విక్రయమునే మానుకొన్నది. పుట్టి, ప్రపంచమంతయు వ్యాపించి, అంగడులనుండి మాయమగుటకు 3½ అంగుళముల ఫ్లాపీకి పట్టిన కాలము 30 సంవత్సరములు. యౌవనమున దానిపై తన తొలి రచనను భద్రపరచుకొన్న మనుష్యుడు వార్ధక్యము రాకమునుపే దానిని చదువు సాధనమునకై వెదకవలసినవాడయ్యెను.

మన సీమకు ఈ యంత్రములు వచ్చిన వరుసయు గమనింపదగినది. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. 1969లో టి.డి.సి.-12 అను స్వదేశీ కంప్యూటరును నిర్మించినను, అట్టి యంత్రములు పరిశోధనాలయములకును మహాసంస్థలకును మాత్రమే అందుబాటున నుండెను. 1984 నాటి కేంద్రప్రభుత్వ విధానము నిబంధనలను సడలించిన పిమ్మట చిన్న కంప్యూటరులు జిల్లా పట్టణములకు దిగివచ్చినవి. గుంటూరు వానిని చేకొనుటకు సిద్ధముగా నుండెను. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము, 1981లో బాపట్ల ఇంజనీరింగు కళాశాల, 1985లో చౌడవరమున ఆర్.వి.ఆర్. అండ్ జె.సి. ఇంజనీరింగు కళాశాల ఏర్పడి, యంత్రవిద్య నభ్యసించు యువజనులను ఈ ప్రాంతమునకు రప్పించినవి. పొగాకు బోర్డు 1976లో గుంటూరునే తన ప్రధానస్థానముగా చేసికొన్నది. మిరప, పత్తి, పొగాకు వర్తకములకు లెక్కలు అపారములు. చిట్టా ఆవర్జాలు చేత వ్రాసిన గుమాస్తాల కొట్లలోనికి క్రమముగా ఫాక్స్‌ప్రో, లోటస్ 1-2-3, ట్యాలీ వంటి ప్రోగ్రాములు ప్రవేశించినవి. 1998 నవంబరులో రాష్ట్రప్రభుత్వము కార్డ్ అను పథకమున 214 రిజిస్ట్రారు కార్యాలయములను కంప్యూటరులతో పనిచేయించుటకు పూనుకొన్నప్పటికి, పొలము కొన్న రైతు దస్తావేజు సయితము డిస్కులపై కెక్కినది. విద్యార్థి ప్రాజెక్టు నివేదిక, కమీషను వ్యాపారి ఖాతా, రైతు హక్కు, కవి కావ్యము, అన్నియు ఒక్క దశాబ్దిలో కాగితమునుండి అయస్కాంతమునకు మారినవి.

వీనిలో తెలుగు పాఠకునకు మిక్కిలి ఆత్మీయమైనది గ్రంథముల కథ. సీసపు అక్షరములను కంపోజిటరు ఒక్కొక్కటిగా పేర్చి, గేలీలో బిగించి, ప్రూఫు తీసి, అచ్చయిన పిదప అక్షరములను మరల గడులలో పంచిన కాలము తెనాలి, గుంటూరు ముద్రణాలయములకు సుపరిచితము. పేజ్‌మేకరు అను పుటల కూర్పు ప్రోగ్రాము వచ్చిన తరువాత, అను, శ్రీలిపి మొదలైన ఫాంట్లతో తెలుగును టైపు చేసి, లేజరు ప్రింటరుపై ట్రేసింగు కాగితమున ముద్రించి, దానినుండి ప్లేటు చేయించి ఆఫ్‌సెట్‌పై అచ్చువేయుట సర్వసాధారణమయ్యెను. అందుచే పుస్తకమునకు మూలప్రతి యనదగినది ఫ్లాపీయే. ప్రకరణమునకొక ఫైలుగా విభజించి, బొమ్మలకు వేఱు ఫ్లాపీ యుంచి, అట్టపై గ్రంథనామమును కలముతో వ్రాసి, డబ్బాలో వరుసగా నిలుపుట డి.టి.పి. కేంద్రముల మర్యాద. కాని ఫ్లాపీకి వెల యున్నది; అచ్చు ముగిసిన గ్రంథముకంటె చేతిలోనున్న క్రొత్త పని అత్యవసరముగా తోచును; అట్లు ఫార్మాట్ చేయబడి మరియొక పుస్తకమునకో, పెండ్లి శుభలేఖకో తావిచ్చిన ఫ్లాపీలు ఎన్నియో. మిగిలినవి డబ్బాలలో, అటకలపై, మిరపకోరుతో నిండిన మా ఊరి ధూళిలో పడియున్నవి. రెండవ కూర్పు వేయదలచిన గ్రంథకర్తయో, తండ్రి వ్రాతలను వెదకు కుమారుడో వానిని తీసికొని మరమ్మతు బల్లకు వచ్చినపుడు పని మొదలగును.

పాత హార్డ్ డిస్కులను కలుపు విద్య ఆయా డిస్కు తరమునుబట్టి మారును. ఎస్.టి.-506 తరగతి డిస్కునకు రెండు పట్టీ కేబుళ్లు: ఆజ్ఞలకు 34 తీగలది యొకటి, డేటాకు 20 తీగలది యొకటి. ఆ డిస్కు తనంతట తాను చదువనేరదు. అయస్కాంతపు మార్పులను అక్షరములుగా విడమరచు పని కంప్యూటరులో దిగవేసిన కంట్రోలరు కార్డుది. అందువలన ఒక జాతి కార్డు వ్రాసినదానిని వేఱొక జాతి కార్డు చదువలేక తెల్లబోవుట కలదు. నేటి కంప్యూటరులో అట్టి కార్డునకు గాడియే లేదు గావున, ఆ పెద్ద డిస్కులను చదువుటకు ఇప్పుడు బీగిల్‌బోన్ అను చిన్న ఫలకము నాధారముగా కల్పింపబడిన ప్రత్యేక సాధనమును ఆశ్రయింపవలెను. ఇట్టి డిస్కులు ఇప్పుడు అరుదుగా కనబడును.

1986 ప్రాంతమున వచ్చిన ఐ.డి.ఇ. పద్ధతి ఈ కష్టమును తీర్చినది. కంట్రోలరు విద్యనంతయు డిస్కు వెన్నుపైనున్న ఫలకములోనే యుంచి, 40 పిన్నుల పట్టీ కేబులు ఒక్కదానితో దానిని కంప్యూటరునకు కలుపుట ఇందలి విశేషము. పట్టీ అంచున నున్న ఎఱ్ఱగీత ఒకటవ పిన్ను వైపునకు రావలెను. ఒక కేబులుపై రెండు డిస్కులున్నచో, వెనుకనుండు చిన్న జంపరును మార్చి ఒకదానిని మాస్టరుగను, రెండవదానిని స్లేవుగను నిలుపవలెను. రెండును మాస్టరులే యైనచో కంప్యూటరు రెంటిని గుర్తింపక నిలిచిపోవును. డిస్కు చీటీపై ముద్రించిన జంపరు పటమును చూచి, గోటికొనతో ఆ చిన్న ప్లాస్టికు ముక్కను తీసి వేఱొకచోట గ్రుచ్చుట బ్రాడీపేట పనివానికి అక్షరాభ్యాసము. డిస్కులు పెరిగినకొలది సంఖ్యల హద్దులు అడ్డువచ్చెను: 1,024 సిలిండరులు, 16 హెడ్లు, వలయమునకు 63 భాగములు అను లెక్కవలన, కంప్యూటరును మేల్కొలుపు పాత బయోసు ప్రోగ్రాములు 528 మెగాబైట్లు దాటి చూడలేకపోయెను, పిదప 8.4 గిగాబైట్ల కడ నొక గోడయు, 28 బిట్ల సంఖ్యతో లెక్కించుటవలన 137 గిగాబైట్ల కడ వేఱొక గోడయు తగిలినవి. ఒక్కొక్క గోడకు ఒక్కొక్క ఉపాయము కల్పింపబడినది గావున, ఏ డిస్కు ఏ ఉపాయముతో వ్రాయబడినదో ఎఱుగనివాడు, మంచి డిస్కునే చెడినదని త్రోసివేయు ప్రమాదము కలదు.

2003లో సాటా పద్ధతి వచ్చి, 40 పిన్నుల పట్టీకి బదులు 7 పిన్నుల సన్నని కేబులు నిలిచినది. 2006లో ఇంటెల్ తన ప్రధాన చిప్పునుండి ఐ.డి.ఇ.ని తొలగించినది, మదరుబోర్డుల నిర్మాతలు మరికొంతకాలము వేఱు చిప్పుతో ఆ ద్వారమును నిలిపి, తుదకు దానిని మూసిరి. ఆ మూసిన ద్వారమునకు మారుగా నేడు పనివాడు వాడునది, యు.ఎస్.బి.కి కలిపెడు చిన్న అడాప్టరు. దాని యొక వైపున పెద్ద ఐ.డి.ఇ. డిస్కునకు 40 పిన్నులు, ల్యాప్‌టాప్ డిస్కునకు 44 పిన్నులు, మరియొక వైపున సాటా కొస యుండును. ల్యాప్‌టాప్ డిస్కు ఆ 44 పిన్నులనుండియే 5 వోల్టుల విద్యుత్తును గ్రహించును. పెద్ద డిస్కునకు 12 వోల్టులును 5 వోల్టులును ఇచ్చు నాలుగు తీగల కొసను వేఱుగా తగిలింపవలెను. అల్పవెలకు కొన్న అడాప్టరుతో వచ్చు విద్యుత్పెట్టె బలహీనమైనచో, డిస్కు తిరుగబోయి ఆగి, మరల తిరుగబోయి ఆగును. పనివారు అందుచే పాత కంప్యూటరు పవరు సప్లయిని ఇందుకై ప్రత్యేకించుకొనుట మేలైన ఆచారము. జంపరును మాస్టరుగా నిలిపి, తొలుత విద్యుత్తును, పళ్లెము నిండువేగమున తిరిగిన పిమ్మట యు.ఎస్.బి.ని కలుపుట క్రమము.

అయినను అడాప్టరు సర్వరోగనివారిణి గాదు. సిలిండరు, హెడ్డు, సెక్టారు లెక్కను తప్ప మరియొకదాని నెఱుగని తొలితరపు ఐ.డి.ఇ. డిస్కులు దానికి కనబడవు. ఆపిల్ మాకింటాషులలోను, పెద్ద సర్వరులలోను ఉండిన స్కసీ డిస్కులకు తఱచుగా 50 లేక 68 పిన్నులు. తీగ చివర టర్మినేటరు లేనిది అవి మాటాడవు. వానిని నేరుగా యు.ఎస్.బి.కి కలుపు సాధనములు దుర్లభములు. ఇట్టి తావుల అక్కఱకు వచ్చునది సంధికాలపు కంప్యూటరు: సుమారు 2000 మొదలు 2006 వరకు నిర్మితమై, ఫ్లాపీకి 34 పిన్నుల కొసయు, ఐ.డి.ఇ. కొసలును, స్కసీ కార్డు దిగుటకు పి.సి.ఐ. గాడియు, వీనితోబాటు యు.ఎస్.బి.యు, నెట్‌వర్కు ద్వారమును గలిగిన యంత్రము. పాత డిస్కు తన కాలపు భాషలో దానితో పలుకును; అది విన్నదానిని నేటి యంత్రమునకు పంపును. మెకంజీకిని గ్రామ కరణమునకును నడుమ కావలి సోదరులు చేసిన సేవ ఇదియే. పాత సామగ్రి క్రింద తూకమునకు పోవు కంప్యూటరులలో ఇట్టివానిని ఏరి నిలుపుకొనువాడు తన వృత్తినే గాక, తన ఊరి వ్రాతలను గూడ కాపాడుచున్నాడు.

ఫ్లాపీలకు వేఱు కష్టములు. 3½ అంగుళములవానికి యు.ఎస్.బి. డ్రైవులు ఇప్పటికిని దొరకును గాని, అవి సాధారణ పి.సి. ఫార్మాట్‌లను మాత్రమే చదువును. పాత మాకింటాషు 800 కిలోబైట్ల ఫ్లాపీ వానికి కొఱుకుడు పడదు. 5¼ అంగుళములవానికి అట్టి యు.ఎస్.బి. డ్రైవు సామాన్య విపణిలో లేదు. వీనికై పాత డ్రైవునే తెచ్చి, గ్రీజ్‌వీజిల్ వంటి చిన్న ఫలకముద్వారా యు.ఎస్.బి.కి కలిపినచో, అది అక్షరములను ఊహింపబోక, డిస్కుపైనున్న అయస్కాంతపు మార్పులనే కాలమానముతో సహా యథాతథముగా ఎత్తును. ఆ ఎత్తుబడిలో అక్షరములను పోల్చుకొనుట తరువాత నెమ్మదిగా సాగును. మన వానకాలపు తేమలో ఫ్లాపీ పళ్లెముపై తెల్లని బూజు పట్టును. దానిని తుడువకయే డ్రైవులో పెట్టినవాడు ఆ ఫ్లాపీ పూతను గీకి పాడుచేయుటయేగాక, హెడ్డునకు అంటిన మురికితో తరువాతి ఫ్లాపీని గూడ పాడుచేయును. కావున పళ్లెమును వెలుతురున త్రిప్పి చూచి, శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మృదువుగా తుడిచి, ఆరిన పిమ్మట చదివించి, ప్రతి ఫ్లాపీ తరువాత హెడ్డును శుభ్రపరచుట విధి.

ఏ డిస్కునకైనను నియమములు కొన్ని సమానములు. వ్రాత తగులకుండునట్లు ముందే కట్టుదిట్టము చేయవలెను. 3½ అంగుళముల ఫ్లాపీపై వ్రాతను అడ్డుకొను మీట యున్నది, హార్డ్ డిస్కునకు వ్రాతనిరోధక సాధనమును నడుమ నుంచవలెను. నేటి విండోస్ తన కర్థముగాని డిస్కును చూచినంతనే ఫార్మాట్ చేయవలెనా యని యడుగును. ఆ ప్రశ్నకు అవునన్న ఒక్క నొక్కుడుతో లోని వ్రాతలకు త్రోవ చెరగిపోవును. ఒక్కొక్క ఫైలును తెఱచి చూచుటకు ఆరాటపడక, మొదట డిస్కు మొత్తమునకు బింబప్రతిని ఎత్తుట ఉత్తమము, డి.డి.రెస్క్యూ అను ఉచిత ప్రోగ్రాము సులభముగా చదువవచ్చిన భాగములను ముందుగా గ్రహించి, చెడిన భాగములను తరువాత మరల మరల ప్రయత్నించును గావున, ఆయువు తీరుచున్న డిస్కునకు అదియే తగిన చికిత్స. డిస్కునుండి టకటకమను క్రమధ్వని వినబడినచో వెంటనే విద్యుత్తును ఆపి, ధూళిరహితమైన గదియు నిపుణులును గలచోటికి పంపవలెను. బల్లపై మూత విప్పిన డిస్కు మరల బ్రతుకుట అరుదు. ఇంకొక నియమము యంత్రమునకు సంబంధించినది గాదు, ధర్మమునకు సంబంధించినది. పాత డిస్కులో ఒకరి ఖాతాలు, ఒకరి ఉత్తరములు, ఒకరి రోగవిషయములు ఉండును. వానిని సొంతదారునకు అప్పగించి, తన యొద్ద ప్రతి మిగుల్చుకొనని పనివానియందే ఊరు విశ్వాసముంచును.

ఇంతటితో తెలుగు లిఖితమునకు విమోచనము కలిగెనని తలపరాదు. డిస్కునుండి ఫైలు వచ్చినను, అందలి తెలుగు చదువరాకపోవచ్చును. యూనికోడ్ తొలి ప్రమాణము 1991లోనే తెలుగునకు 128 స్థానములను కేటాయించినను, మన డి.టి.పి. కేంద్రములు చిరకాలము దానిని ఆశ్రయింపలేదు. నాటి ఫాంట్లలో తలకట్టు, కొమ్ము, ఏత్వము, వత్తు వేర్వేఱు ముక్కలై, ఆంగ్లాక్షరములకును చిహ్నములకును ఏర్పడిన స్థానములలో కూర్చుండెను; ఒక్కొక్క సంస్థ ఫాంటునకు ఒక్కొక్క అమరిక. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలును తెఱచినచో, కావ్యమునకు బదులు అర్థరహితములైన ఆంగ్లాక్షరములు కంటబడును. కంటితో పంక్తులు తీర్చుటకు ఏర్పడిన ముక్కలను, ఉచ్చారణక్రమమున నడచు యూనికోడ్ అక్షరములుగా మార్చు ప్రోగ్రాములు ఇప్పుడు కలవు. కాని వత్తు ముందువెనుకలైనచోట, విరామచిహ్నము వత్తుగా భ్రమింపబడినచోట, తెలుగు తెలిసిన ప్రూఫురీడరు పంక్తి పంక్తియు చూడక తప్పదు. ఆనాడు కాగితముపై ప్రూఫులు దిద్దిన వారి విద్యయే నేడు ఈ మార్పిడికిని ఆధారము. కేబులు, కంట్రోలరు, ఫైలుల వ్యవస్థ, ఫాంటు, భాష, ఈ అయిదు మెట్లలో ఏ ఒక్కటి విఱిగినను గ్రంథము పాఠకుని చేరదు. కడపటి మెట్టున నిలిచి చేయి అందించునది మరల మనుష్యుడే.

ఈ పని అంతయు ఇప్పటివఱకు ఎవరి యవసరమును బట్టి వారు, ఎవరి సొమ్ముతో వారు, విడివిడిగా చేయించుకొనుచు వచ్చిరి. అట్లు రక్షింపబడినది కొంత. రక్షింపబడక తూకమునకు పోయినది అధికము. మన సీమ గ్రంథాలయోద్యమమునకు పుట్టినిల్లు వంటిది: 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికల సంపుటములను తరములు గడచినను పదిలపరచి పరిశోధకుల చేతికి అందించుచున్నది. కాగితమునకు జరిగిన ఆ సేవ డిస్కునకును జరుగవలెను. అందుకు మహావ్యయము అక్కఱలేదు. జిల్లా గ్రంథాలయ సంస్థయో, విశ్వవిద్యాలయమో ఒక గదిని కేటాయించి, సంధికాలపు కంప్యూటరులు రెండు, రెండు కొలతల ఫ్లాపీ డ్రైవులు, ఐ.డి.ఇ., సాటా, స్కసీ సాధనములు, పాత తెలుగు ఫాంట్ల ప్రతులు సమకూర్చి, బ్రాడీపేట మరమ్మతు బల్లలనుండి ఒకరిని, పాత డి.టి.పి. కేంద్రములనుండి ఒకరిని పిలిచి తగు జీతమిచ్చి కూర్చుండబెట్టినచో, గ్రంథకర్తల ఫ్లాపీలును, మూతబడిన పత్రికల డిస్కులును, సొంతదారులు సమ్మతించిన వర్తకుల లెక్కలును అక్కడ ప్రతి యెత్తబడును. పాత్రికేయుడు ఆ పత్రికలనుండియు, ఆర్థికచరిత్రకారుడు ఆ మిరప ధరలనుండియు, సాహిత్యపరిశోధకుడు ఆ చిత్తుప్రతులనుండియు గ్రహింపవలసినది అపారము. ఇంజనీరింగు కళాశాలలు తమ విద్యార్థులకు ఇందు పని నేర్పినచో, యంత్రములను నిర్మించువారికి యంత్రములు ఎట్లు గతించునో తెలియును. క్రొత్త యంత్రమును రచించునాడు పాతదానికొక ద్వారము మిగుల్చవలెనన్న వివేకమును దానినుండి కలుగును.

కైఫీయతులు నేడు మనకున్నవన్న, వానిని చదువగలవారు బ్రతికియున్న కాలముననే ఒకరు పూనుకొని ప్రతులు వ్రాయించుటచేతనే యున్నవి. ఐ.డి.ఇ. జంపరును చూడకయే అమర్చగల వ్రేళ్లును, అను ఫాంటు ముక్కలను చూచి పద్యమును పోల్చుకొనగల కన్నులును, 34 పిన్నుల కొసగల కంప్యూటరులును మన నడుమ ఇంకను ఉన్నవి. ఒక తరము గడచినచో ఈ మూడును ఒక్కసారిగా అంతరించును. అంతలోపల ఈ కార్యమునకు పూనుకొననిచో, 1985కును 2005కును నడుమ గుంటూరు తనను గూర్చి వ్రాసికొన్న వ్రాత, మెకంజీ కాలమున కరణములచే వ్రాయింపబడిన వ్రాతకంటె తక్కువగా మన మనుమలకు తెలియును. ఈ మండలపు గ్రంథాలయములును కళాశాలలును ఆ ఇరువది యేండ్ల బాధ్యతను తమదిగా స్వీకరించి, పని ఈ తరముననే ఆరంభింపవలెను.